ఉన్నదెంత, అందేదెంత

బడ్జ్ బడ్జ్ నుంచి



పాలకొండ వైపు నుంచి ఒక పాఠకుడు రెండు భూసార పరీక్ష కార్డుల ఫొటోలు పంపారు. ఒకటి ఆయనది, రెండోది పక్క పొలం వాళ్లది. ఆయన కార్డులో పొటాషియం హెక్టారుకి 268 కిలోలు, ఎదురుగా "మధ్యస్థం". పక్కవాళ్లది 287 కిలోలు, ఎదురుగా "ఎక్కువ". "మా రెండు పొలాలకీ మధ్యన గట్టు ఒక్కటే అడ్డం. తాతలనాడు అదీ ఇదీ ఒకే మడి. గట్టు వేసినంత మాత్రాన మట్టి మారిపోతుందాండీ?" అని అడిగారు. మారదని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ మట్టి పరీక్షల గదిలో ఉద్యోగం చేసి రిటైరైనవాడికి ఇలాంటి ప్రశ్న దొరికితే ఒక్క ముక్కతో ఊరుకుంటాడా? ఈ నెల ఉత్తరమంతా దీనికే. ఓపిక పట్టండి.

నేనుండే ఊరు బడ్జ్ బడ్జ్. కోల్‌కతాలోని సియాల్దా నుంచి దక్షిణంగా వచ్చే లోకల్ రైలు దారి ఒకటి ఇక్కడితో ఆఖరు. ఆ తరవాత హుగ్లీ నదే. ఒడ్డున జనపనార మిల్లులు, చమురు ట్యాంకులు, ఆనుకుని పుజాలీలో థర్మల్ విద్యుత్ కేంద్రం. గంజాం, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు హుగ్లీ ఒడ్డు మిల్లులకు బతుకుదెరువు కోసం రావడం మొదలై వందేళ్లు దాటింది. మిల్లుల్లో జనపనారతో పాటు గోగునార కూడా నడుస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని మెస్తా అంటారు. మనవాళ్లు అదే మొక్కని నాలుగు గింజలు పెరట్లో చల్లి గోంగూర పచ్చడి నూరుకుంటారు. మిల్లులో సంచి అయ్యేది ఇంట్లో పచ్చడి కావడం చూసి బెంగాలీ పొరుగువాళ్లు మొదట్లో ఆశ్చర్యపోయేవారు. ఇప్పుడు వాళ్లే గిన్నె పట్టుకుని వస్తున్నారు.

ఆ పెరళ్ల దగ్గరే పొటాష్ కథ మొదలవుతుంది. ఈ ఊళ్లో బూడిద రెండు రకాలు. ఒకటి కట్టెల పొయ్యిది, పిడకలది. దాన్ని బీరపాదు మొదట్లోనూ చిక్కుడు ఆకుల మీదా చల్లడం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. రెండోది బొగ్గు బూడిద. థర్మల్ కేంద్రాల నుంచి వచ్చే ఈ బూడిద ఇటుకలకీ, సిమెంటుకీ, పల్లం పూడ్చడానికీ పోతుంది. "రెండూ బూడిదే కదా, ఇది ఉచితంగా వస్తుంటే పాదులకి వేసుకోకూడదా?" అని ఇక్కడ నన్ను చాలామంది అడుగుతారు. పూర్తిగా కరిగించి చూస్తే బొగ్గు బూడిదలోనూ పొటాషియం ఉంటుంది. కాకపోతే కొలిమి వేడికి అది గాజులాంటి గుళికల్లో బిగుసుకుపోయి ఉంటుంది. నీళ్లు పోస్తే రాదు, వేరు పీల్చినా రాదు. కట్టెల బూడిదలోదైతే నీళ్లు తగిలితే చాలు, కరిగి వచ్చేస్తుంది. ఉన్నదెంత అన్న లెక్క వేరు, అందేదెంత అన్న లెక్క వేరు. కార్డులో "లభ్య పొటాషియం" అని రాసేది రెండో లెక్కనే.

మట్టిదీ అదే తీరు. ఇంట్లో తిండి సంగతి తీసుకోండి. కంచంలో వడ్డించిన అన్నం, గిన్నెలో వండి ఉంచిన అన్నం, డబ్బాలో బియ్యం, గాదెలో వడ్లు. నాలుగూ తిండే, అయినా ఆకలితో వచ్చినవాడికి నాలుగూ ఒకటి కాదు. మట్టి తడిలో కరిగి ఉన్న పొటాషియం కంచంలోది. అది చాలా కొంచెం. బంకమట్టి రేణువుల పైపైన అంటుకుని, వేరు అడగ్గానే వదిలేది గిన్నెలోది. రేణువుల పొరల మధ్య ఇరుక్కుని నెలల మీద మెల్లగా బయటికొచ్చేది డబ్బాలోది. అభ్రకం, ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాల్లో పుట్టుకతోనే ఉన్నది గాదెలోది. అది విడిపోవడానికి తరాలు పడుతుంది. గంగ ఒండ్రు లాంటి నేలలో బరువులో రెండు శాతం పొటాషియమే అనుకోండి. హెక్టారు పైమట్టి 22.4 లక్షల కిలోలని లెక్క వేస్తాం కాబట్టి సుమారు 45 వేల కిలోలు అవుతుంది. పరీక్ష కార్డులో కనిపించేదో, రెండు మూడు వందల కిలోలు. మిగతాది అబద్ధమని కాదు. పరీక్ష కొలిచేది కంచాన్నీ గిన్నెనీ మాత్రమే.

ఆ కొలత ఎలా తీస్తారో చెబుతాను. నాకు ఇష్టమైన భాగం ఇదే. నీడన ఆరబెట్టి, చెక్క సుత్తితో నలిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన మట్టిని 5 గ్రాములు తూస్తాం. దాంట్లో అమ్మోనియం అసిటేట్ ద్రావణం 25 మిల్లీలీటర్లు పోస్తాం. దాని గాఢత ఒక నార్మల్, పీహెచ్ కచ్చితంగా 7. ఐదు నిమిషాలు షేకర్ మీద కుదిపి, వడపోత కాగితంలోంచి వడగడతాం. అమెరికాలో అయోవా కాలేజీ పరీక్షశాలలో హాన్వే, హైడెల్ అనే ఇద్దరు 1952లో రాసిపెట్టిన పద్ధతి ఇది. మన దేశంలో ఎక్కువ ప్రయోగశాలలు ఇవాళ్టికీ దీన్నే నడుపుతున్నాయి.

అమ్మోనియమే ఎందుకు? అమ్మోనియం అయాను, పొటాషియం అయాను పరిమాణంలో దాదాపు సమానం. ద్రావణంలో అమ్మోనియం కోట్ల కొద్దీ దిగి, రేణువు పైపైన కూర్చున్న పొటాషియాన్ని తోసేసి ఆ చోటు తను ఆక్రమిస్తుంది. ఇంకో తమాషా కూడా ఉంది. అభ్రకం జాతి బంకమట్టి పొరల్లో ఉండే గుంటల్లో పొటాషియం ఎంత చక్కగా ఇముడుతుందో అమ్మోనియం కూడా అంత చక్కగానే ఇముడుతుంది. అందుకని అది అంచుల్లో దూరి పొరలను మూసేస్తుంది. లోపలిది లోపలే ఉండిపోతుంది. అంటే ఈ ద్రావణం గిన్నె ఖాళీ చేస్తూనే డబ్బా మూత బిగించేస్తుంది. పైపొర, లోపొర లెక్కలు కలవకుండా ఉండటానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఇంకేం కావాలి? డబ్బా సంగతి తెలుసుకోవాలంటే మరో పరీక్ష ఉంది. మట్టిని నైట్రిక్ ఆమ్లంలో మరిగిస్తారు. పరిశోధకులు చేస్తారు గానీ రైతుల కార్డుల్లో అది కనిపించదు.

వడగట్టిన నీటిని ఫ్లేమ్ ఫొటోమీటర్‌కి పెడతాం. పేరు ఘనంగా ఉంది గానీ లోపల ఉన్నది గ్యాస్ మంట, గాలి పంపు, రంగు ఫిల్టరు, వెలుగుని కొలిచే కన్ను. మంటలో తుంపరగా పడగానే పొటాషియం లేత ఊదారంగులో వెలుగుతుంది. కంటికి కనిపించేది ఆ ఊదానే అయినా, యంత్రం కొలిచేది 766.5 నానోమీటర్ల దగ్గర, చూపు అంచున ఉండే గాఢమైన ఎరుపుని. మామూలు కంటితో చూస్తే సోడియం పసుపు అన్నిటినీ కప్పేస్తుంది. కాలేజీలో నీలి కోబాల్ట్ గాజు ముక్క అడ్డం పెట్టుకుని చూసేవాళ్లం గుర్తుందా, సైన్సు చదివినవాళ్లకి? యంత్రంలో ఆ పని ఫిల్టరు చేస్తుంది. అయినా ఉప్పు ఎక్కువగా ఉన్న మట్టి వస్తే, ఇక్కడినుంచి సుందర్బన్ వైపు దిగేకొద్దీ అలాంటివే వస్తాయి, ఆ పసుపు కొంచెం లోపలికి జొరబడి అంకెను పెంచే ప్రమాదం ఉంటుంది.

యంత్రానికి ముందు అంకెలు నేర్పాలి. ఎండబెట్టిన పొటాషియం క్లోరైడ్ 1.907 గ్రాములు లీటరు నీటిలో కరిగిస్తే సరిగ్గా 1000 పీపీఎం, అంటే లీటరుకి 1000 మిల్లీగ్రాముల పొటాషియం. దాన్ని పలచన చేసి 10, 20, 40 అని వరసగా పెడతాం. సున్నా దగ్గర పెట్టాల్సింది ఉత్తి నీళ్లు కాదు, మట్టి కలపని అదే అమ్మోనియం అసిటేట్. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ముందు చెప్పేది ఇదే. మట్టి నీటి అంకె ప్రమాణాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని దాటితే దాన్ని నమ్మకూడదు. పలచన చేసి మళ్లీ పెట్టాలి.

ఇక కార్డు మీది అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. 5 గ్రాముల మట్టికి 25 మిల్లీలీటర్లు కనక మీటరు అంకెను 5తో గుణించాలి. హెక్టారుకి కిలోల్లోకి మార్చాలంటే 2.24తో గుణించాలి. రెండూ కలిపితే 11.2. పాలకొండ పాఠకుడి కార్డులో 268ని 11.2తో భాగించండి, 23.9 వస్తుంది. పక్కాయన 287కి 25.6. రెండు పొలాల మధ్య తేడా అంటే మీటరు మీద రెండు అంకెలు కూడా కాదు! గ్యాస్ ఒత్తిడి కాస్త అటూ ఇటూ అయినా, తుంపర గొట్టంలో నలుసు అడ్డం పడినా అంత తేడా వస్తుంది. మనం వాడే పట్టికల్లో 108 కిలోల లోపు తక్కువ, 108 నుంచి 280 దాకా మధ్యస్థం, ఆ పైన ఎక్కువ. 280 అనే గీత ఈ రెండు అంకెల మధ్యలోంచి పోయింది కాబట్టి ఒకరు మధ్యస్థం అయ్యారు, ఇంకొకరు ఎక్కువ అయ్యారు. గీత కాగితం మీదిది, పంటకి దాని సంగతి తెలియదు.

అంతకంటే పెద్ద తిరకాసు ఇంకోటి ఉంది. సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైనప్పుడు, నీటివసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకి ఒకటి, వర్షాధారమైతే 10 హెక్టార్లకి ఒకటి చొప్పున మట్టి నమూనా తీయాలన్నారు. ఆ గడిలో ఉన్న రైతులందరికీ అదే ఫలితమన్నారు. దేశమంతా తిరగాలంటే అది తప్పని ఏర్పాటే, నేను తప్పుపట్టను. కాకపోతే మీ కార్డులో ఉన్న అంకె మీ మడిది కాకపోవచ్చు, నాలుగు మడుల అవతలిది కావచ్చు. గట్టుకి అటు ఒక గడి, ఇటు ఒక గడి పడితే అంకెలు మారడంలో వింతేముంది? ఎరువు ఖర్చుతో ముడిపడిన నిర్ణయం తీసుకోవాలంటే మీ మట్టి మీరే తీసి ఇవ్వండి.

తీయడం ఎలాగో వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఉంటుంది. వీ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట, పది పదిహేను చోట్ల, కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి పారేస్తూ అరకిలో మిగల్చడం. అదంతా మళ్లీ ఎందుకు గానీ, పొటాష్ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సినవి చెబుతాను. గట్టు పక్కన, చెట్టు కింద, పశువులు కట్టేసిన చోట, గడ్డి కుప్ప వేసిన చోట, పెంట వేసిన చోట, ఏదైనా కాల్చిన చోట మట్టి తీయకండి. ఒక్క గుప్పెడు బూడిద కలిసినా అంకె ఎక్కడికో వెళ్లిపోతుంది. ఎరువుల బస్తా ఖాళీగా ఉంది కదా అని అందులో మట్టి పోసి పంపేవాళ్లు ఉన్నారు. పొటాష్ బస్తా అయితే ఇక పరీక్ష ఎందుకు, ఫలితం ముందే తెలుసు!

ఆరబెట్టడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వానాకాలంలో బడ్జ్ బడ్జ్ మట్టి పిండి ముద్దలా ఉంటుంది. నాలుగు రోజులైనా ఆరదు. త్వరగా కావాలని ఎండలోనో ఓవెన్‌లోనో పెట్టాలనిపిస్తుంది. అలా చేయకూడదు. అభ్రకం జాతి బంకమట్టి బాగా వేడికి ఎండినప్పుడు దాని పొరలు ముడుచుకుంటాయి, కొన్నిచోట్ల చిట్లి తెరుచుకుంటాయి కూడా. పొటాషియం తక్కువగా ఉన్న మట్టి ఆరబెడితే లోపలిది బయటికి వచ్చి అంకె పెరుగుతుంది. ఎక్కువగా ఉన్నదైతే పైదాన్ని లోపలికి లాక్కుని అంకె తగ్గుతుంది. రెండింటికీ కారణం ఆరబెట్టడమే, పొలం కాదు. గాలి ఆడేచోట, నీడన, కాగితం మీద పరిచి ఆరనివ్వాలి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న సంగతికి వస్తాను. హుగ్లీ ఒండ్రులో అభ్రకం జాతి బంకమట్టి ఎక్కువ. పొటాష్ వేయకుండా ఏటా రెండు మూడు పంటలు తీసినా పరీక్ష అంకె పెద్దగా పడిపోదు. ఏటికేడు అక్కడక్కడే ఉంటుంది. రైతు సంతోషపడతాడు. జరిగేదేమిటంటే, గిన్నె తగ్గినప్పుడల్లా డబ్బా నింపుతోంది. డబ్బా తరిగిపోతున్న సంగతి కార్డు చెప్పదు. నదికి ఎగువన బారక్‌పూర్ జనపనార పరిశోధన కేంద్రంలో 1971 నుంచి జనపనార, వరి, గోధుమ ఒకదాని తరవాత ఒకటి వేస్తూ నడిపిన దీర్ఘకాలిక ప్రయోగం లాంటివి ఉన్నాయి కాబట్టే ఇలాంటి నష్టం కంటికి కనబడుతుంది. ఒక్క ఏడాది కార్డుతో కనబడదు. మన తెలంగాణలో జగిత్యాల దగ్గర వరి మీద వరి వేస్తూ చేసే దీర్ఘకాలిక ప్రయోగాలూ ఇందుకే. మన దగ్గర నల్లరేగడుల్లో పొటాషియం సహజంగానే ఎక్కువ. ఎర్ర చల్కా నేలల్లో, కోస్తా ఇసుక నేలల్లో బంకమట్టి తక్కువ, కాబట్టి గిన్నే చిన్నది, డబ్బా కూడా చిన్నదే. ఉత్తరాంధ్ర గోగు పొలాలు చాలావరకు ఈ తేలిక నేలలే. ఆమదాలవలస పరిశోధన కేంద్రంలో గోగు మీద పనిచేసేవాళ్లను అడిగితే ఇంకా బాగా చెబుతారు.

పొలం నుంచి పొటాష్ ఎక్కువగా పోయేది గింజతో కాదు, గడ్డితో. వరి మొక్క తీసుకున్న పొటాషియంలో ఐదింట నాలుగు వంతులు గడ్డిలోనే ఉంటుంది. టన్ను వరిగడ్డిలో సుమారు 12 నుంచి 17 కిలోల పొటాషియం. 50 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో అసలు పొటాషియం సుమారు 25 కిలోలు. అంటే రెండు టన్నుల గడ్డి అమ్మినవాడు ఒక బస్తా పొటాష్ కూడా అమ్మినట్టే. గడ్డి ధర అడిగేటప్పుడు ఇది కూడా మనసులో పెట్టుకోండి. ఇక్కడ జనపనార రైతుకి ఈ విషయంలో కొంత అదృష్టం ఉంది. కోతకి ముందే చాలా ఆకు రాలి పొలంలోనే పడుతుంది. కట్టలు నానబెట్టిన చెరువులోకి కాండంలోని పొటాషియం దిగిపోతుంది. పొటాషియం మొక్క శరీరంలో ఏ పదార్థంతోనూ గట్టిగా కట్టుబడి ఉండదు, తడి తగిలితే కారిపోతుంది. ఆ చెరువు అడుగు బురద తీసి పొలానికి తోలేవాళ్లు తెలివైనవాళ్లు.

కార్డు చదివేటప్పుడు ఇంకోటి చూసుకోండి. కొన్నిచోట్ల అంకె పొటాషియం మూలకంగా రాస్తారు, కొన్నిచోట్ల కె2ఓ (పొటాషియం ఆక్సైడ్) లెక్కలో రాస్తారు. మొదటిదాన్ని 1.2తో గుణిస్తే రెండోది. ఎరువుల బస్తా మీద ఉండేది ఎప్పుడూ కె2ఓ. 108, 280 అనే గీతలు మూలకం లెక్కవి. కె2ఓలో చెబితే అవే సుమారు 130, 336 అవుతాయి. ఒక లెక్కలో అంకె తీసుకుని రెండో లెక్క గీతతో పోలిస్తే మధ్యస్థం కాస్తా ఎక్కువ అయిపోతుంది. బెంగాల్‌లో ఇంకా బీఘా గోల ఉంది. హెక్టారుకి సుమారు ఏడున్నర బీఘాలు. హెక్టారుకి 224 కిలోలు అని విని బెదిరిన పొరుగు రైతుకి "మీ బీఘాకి 30 కిలోలు" అన్నాక ప్రాణం కుదుటపడింది.

ఈ ఊళ్లో ఉంటూ ఒక చిన్న చరిత్ర ముక్క చెప్పకపోతే ఎలా? 1914 సెప్టెంబరు 29న, కెనడా తిప్పిపంపిన కొమగటా మారు ఓడ పంజాబీ ప్రయాణికులను దించింది, కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. అది ఈ బడ్జ్ బడ్జ్‌లోనే. ఇప్పుడు మా స్టేషను పేరులో కూడా ఆ ఓడ పేరుంది. ఆ రోజులకి మొదటి ప్రపంచ యుద్ధం మొదలై రెండు నెలలు. ప్రపంచానికి పొటాష్ ప్రధానంగా జర్మనీ గనుల నుంచి వచ్చేది, యుద్ధంతో అది ఆగిపోయింది. అప్పుడు బెంగాల్ రసాయన శాస్త్రవేత్తల చూపు కాలువలు నిండిపోతున్న గుర్రపుడెక్క మీద పడింది. దాన్ని ఎండబెట్టి కాలిస్తే బూడిదలో పొటాష్ మెండుగా ఉంటుంది. ఫిన్లో, మెక్లీన్ అనే వ్యవసాయ శాఖ అధికారులు 1917లో దాని ఎరువు విలువ మీద ఒక నివేదిక ప్రచురించారు. ఆ పొటాష్ ఎవరినీ ధనవంతుల్ని చేయలేదు గానీ మొక్క మాత్రం బెంగాల్‌ని కమ్మేసింది. 1921లో జగదీశ్ చంద్ర బోస్ అధ్యక్షుడిగా కమిటీ వేశారు, 1936లో చట్టమే చేశారు. గుర్రపుడెక్క ఇవాళ్టికీ మా కాలువల్లో దర్జాగా ఉంది. దాన్ని కంపోస్టు చేసి పెరట్లో వాడితే పొటాష్ అందుతుంది. దేశంలో నడుస్తున్న పొటాష్ గనులు లేవు, మనకు వచ్చే ఎర్ర పొటాష్ అంతా ఓడల మీద దిగుమతే. అలాంటప్పుడు కాలువలో తేలే దాన్ని చూస్తూ వదిలేయడం నాకు నచ్చదు.

పాలకొండ మిత్రమా, మీరూ పక్కాయనా చేయాల్సింది ఇది. కోత అయ్యాక, దుక్కికీ ఎరువుకీ ముందు, రెండు పొలాల మట్టీ ఒకే రోజు తీసి, నీడన ఆరబెట్టి, ఒకే ప్రయోగశాలకి ఇవ్వండి. వచ్చే ఏడాదీ అదే నెలలో అదే చోటికి ఇవ్వండి. పద్ధతి మారితే అంకెలు పోల్చడానికి పనికిరావు. అమెరికాలో ఇప్పుడు చాలాచోట్ల మెహ్లిచ్ 3 అనే వేరే ద్రావణం వాడుతున్నారు. దాని అంకె పక్కన మన అంకె పెట్టి చూసినవాడు తికమకపడతాడు. ఈలోగా గడ్డి ఎంత బయటికి పోతోందో, పెంట ఎంత లోపలికి వస్తోందో ఒక పుస్తకంలో రాసుకోండి. "మధ్యస్థం" అన్న మాట కన్నా ఆ పుస్తకం ఎక్కువ చెబుతుంది. మధ్యస్థం అని ఉన్నప్పుడు మీ పంటకి సిఫారసు చేసిన పొటాష్ వేయండి, మానేయకండి. ఎక్కువ అని ఉంటే పక్కాయన తగ్గించుకోవచ్చు, గడ్డి అమ్మకపోతేనే సుమా.

ఇట్లు,
మీ బడ్జ్ బడ్జ్ మిత్రుడు

తా.క. ఇంట్లోనే చూసుకునే కిట్ల గురించి ఇద్దరు అడిగారు. చాలా కిట్లలో సోడియం కోబాల్టినైట్రైట్ అనే రసాయనం ఉంటుంది. పొటాషియం ఉంటే మట్టి నీరు పసుపుగా మడ్డి కడుతుంది, ఆ మడ్డిని రంగు కార్డుతో పోలుస్తారు. స్థూలంగా తెలుసుకోవడానికి ఫరవాలేదు. కానీ అమ్మోనియా ఉన్నా అదే మడ్డి వస్తుంది. యూరియా వేసిన పది రోజుల్లో కిట్ తీయకండి, నేలలో లేని పొటాష్ ఉన్నట్టు చూపిస్తుంది.